నలుపు ముద్దకట్టకుండా బ్లాక్ అండ్ వైట్ ఫొటో ప్రింట్ తీయడం ఎలా?

“స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తున్నాయి, ప్రింట్ తీస్తే నల్లటి భాగమంతా బొగ్గు ముద్దలా అయిపోయింది. ప్రింటర్ పాడైందా?” నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒకరికి పెళ్లికూతురి జడలో పాయలు కనిపించవు. ఇంకొకరికి చెరువులోంచి లేచే గేదె ఒంటి మీద ముడతలు పోతాయి. మరొకరికి గుడి మండపంలో స్తంభం, దాని వెనక చీకటి కలిసి ఒక్కటైపోతాయి. అడిగిన ప్రతివాళ్లకూ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే, నేను చేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

ప్రింటర్ పాడవడం అరుదు. అసలు సంగతి వేరు. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది. కాగితం మాత్రం తన మీద పడ్డ వెలుగునే తిప్పి పంపాలి. మంచి బరైటా కాగితం (కాస్త మెరుపు ఉండే మేలైన ఫొటో కాగితం) మీద అతి ముదురు నలుపు కూడా పడ్డ వెలుగులో అర శాతం దాకా వెనక్కి పంపుతుంది. మెరుపు లేని మ్యాట్ కాగితం మీదైతే రెండు, రెండున్నర శాతం. మామూలు మానిటర్‌లో అతి ముదురు నలుపు, తెల్లటి భాగంతో పోలిస్తే దాదాపు వెయ్యో వంతు. అంటే మానిటర్‌లో మీరు చూసిన నలుపుల్లో అడుగున ఉన్నవాటికి కాగితం మీద చోటు లేదు. అవన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. థియరీ ఇంతవరకు చాలు.

అందుకని ముందు చేయాల్సింది ఫొటోను తెల్లబరచడం కాదు. మీ ప్రింటర్, మీ కాగితం కలిసి ఏ అంకె దగ్గర నలుపుకీ నలుపుకీ తేడా చూపించడం మొదలుపెడతాయో కనుక్కోవాలి. ఫైల్‌లో ప్రతి టోన్‌కీ ఒక అంకె ఉంటుంది: 0 అంటే శుద్ధ నలుపు, 255 అంటే తెలుపు. తేడా మొదలయ్యే ఆ అంకెను నేను “గుమ్మం అంకె” అంటాను. ఫొటోలో మీకు ముఖ్యమైన వివరమంతా ఆ గుమ్మం దాటి లోపలికి రావాలి. ముఖ్యం కానిది బయటే ఉండిపోయినా ఫర్వాలేదు.

ఉదాహరణకి నా ఫొటో ఒకటి పెట్టుకుని చెబుతాను. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి, 1213 నాటిది. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనిక, అంటే నాట్యగత్తె శిల్పం. గుడి గోడలది ఎర్రటి ఇసుకరాయి, మదనికది అద్దంలా నునుపు పట్టిన నల్లరాయి. పైగా చూరు నీడ. నల్లటి రాయి, నీడలో ఉన్న రాయి, దాని మీద సన్నటి హారాలు, వేళ్లు. షాడో డీటెయిల్ (నీడల్లోని వివరం) నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

కావలసినవి

ప్రింటర్: గ్రే ఇంకులున్న పిగ్మెంట్ (సన్నటి రంగు పొడి కలిసిన ఇంకు వాడే) ప్రింటర్ అయితే పని సులువు. ఎప్సన్ పీ700, పీ900, క్యానన్ ప్రో-300, ప్రో-1000 లాంటివి. మన స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ఎల్805, ఎల్1800 లాంటి ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్లతో కూడా చేయొచ్చు. వాటిలో నల్ల ఇంకు ఒక్కటే, గ్రే లేదు. అందువల్ల కాస్త ఎక్కువ ఓపిక కావాలి.

కాగితం: ఒకే రకం, కనీసం పది ఏ4 షీట్లు. పరీక్షలకు ఒక కాగితం, అసలు ప్రింట్‌కు ఇంకో కాగితం వాడితే ఈ శ్రమంతా వృథా.

మానిటర్, వీలైతే దాని వెలుగు, రంగులు కొలిచి సరిచేసే పరికరం (క్యాలిబ్రేటర్). కొనలేకపోతే స్నేహితుల దగ్గర ఒకరోజుకి అడిగి తెచ్చుకోండి.

ఫొటోషాప్, లేదా కర్వ్స్ (టోన్లను ఎత్తి దించే గీత), లేయర్ మాస్కులు (మార్పును కొంత భాగానికే పరిమితం చేసేవి), సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపేది) ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే. ఉచితంగా దొరికే గింప్ కూడా పనికొస్తుంది.

ప్రింట్ చూడటానికి మంచి వెలుగు. ఒక మెత్తటి బ్రష్, పెన్సిల్, నోటుబుక్కు. నోటుబుక్కు తప్పకుండా ఉండాలి. ఏ సెట్టింగ్‌తో ఏ ప్రింట్ వచ్చిందో మూడో షీటుకే మర్చిపోతాం.

ఎలా చేయాలి

1. ముందు నాజిల్ చెక్ చేయండి. ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలన్నీ తెరుచుకుని ఉన్నాయో లేదో గీతలు ముద్రించి చూపే పరీక్ష ఇది. గీతల్లో ఒక్కటి తెగినా సరే, హెడ్ క్లీన్ చేసి మళ్లీ చూడండి. గ్రే ఇంకు నాజిల్ మూసుకుపోతే రంగు ఫొటోలో తెలియకపోవచ్చు కానీ, బ్లాక్ అండ్ వైట్‌లో నీడలు చారలు చారలుగా వస్తాయి. మే నెల ఎండల్లో పది రోజులు ప్రింటర్ ముట్టుకోకపోతే నాజిళ్లు ఎండిపోవడం మామూలే. వారానికి ఒక చిన్న ప్రింట్ అయినా తీస్తూ ఉండండి.

కాటన్ మ్యాట్ కాగితం వాడుతుంటే షీటును మెత్తటి బ్రష్‌తో ఒకసారి తుడవండి. దాని నూగు మీద ఇంకు పడి, తర్వాత నూగు రాలిపోతే నల్లటి భాగంలో తెల్లటి చుక్క మిగులుతుంది. తెల్లటి ఆకాశంలో అది ఎవరికీ కనిపించదు. నల్లటి జడలో మాత్రం చుండ్రులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2. మానిటర్ వెలుగు తగ్గించండి. “నా ప్రింట్లన్నీ డార్క్‌గా వస్తున్నాయి” అనే వాళ్లలో చాలామంది సమస్య ఇక్కడే ఉంటుంది. కొత్త మానిటర్ వెలుగును కంపెనీ పెట్టినట్టే వదిలేస్తే ప్రింట్ పనికి అది చాలా ఎక్కువ. క్యాలిబ్రేటర్ ఉంటే చదరపు మీటరుకి 80 నుంచి 100 క్యాండెలాల (స్క్రీన్ వెలుగు కొలత) మధ్య పెట్టండి. లేకపోతే ఇలా చేయండి: ప్రింట్ చూసే వెలుగులో ఖాళీ కాగితం పట్టుకుని, పక్కనే మానిటర్‌లో తెల్లటి ఖాళీ పేజీ తెరవండి. రెండూ ఒకే వెలుగుతో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రెండు రోజులు స్క్రీన్ మసగ్గా అనిపిస్తుంది. తర్వాత కళ్లు అలవాటు పడతాయి.

3. టెస్ట్ షీట్ తయారు చేయండి. ఈ గైడ్ మొత్తానికీ ఇదే ఆయువుపట్టు, దీన్ని మాత్రం వదిలేయకండి. ఏ4 సైజులో, 16 బిట్‌లో, అడోబ్ ఆర్‌జీబీలో కొత్త ఫైల్ తెరవండి. ఎప్సన్‌కైతే 360 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), క్యానన్‌కైతే 300. ఫైల్ అంతా శుద్ధ నలుపుతో, అంటే 0తో నింపండి. దాని మీద రెండు సెంటీమీటర్ల గడులు ఇరవై గీయండి. మొదటి గడి 2, తర్వాతది 4, ఆ తర్వాత 6, అలా 40 వరకు. మూడు ఛానెళ్లలోనూ ఒకే అంకె ఉండాలి. గడికీ గడికీ మధ్య నల్లటి చోటు వదలండి. ప్రతి గడి కింద దాని అంకెను చిన్న బూడిదరంగు అక్షరాల్లో రాయండి.

షీటు అడుగున ఇంకో పట్టీ వేయండి. 0, 5, 10, 15 అంటూ 60 వరకు, ఈసారి మధ్యలో ఖాళీ లేకుండా ఒకదానికొకటి ఆనించి. పైన గడులు ఎక్కడ నలుపు విడుతుందో చెబుతాయి. కింద పట్టీ ఆ తర్వాత మెట్లు సమంగా ఉన్నాయో లేదో చెబుతుంది.

ఫైల్‌ను గ్రేస్కేల్ మోడ్‌లోకి మార్చకండి. ఫొటోషాప్‌లో గ్రేస్కేల్‌కి ముందుగా ఉండే సెట్టింగ్ చాలాసార్లు డాట్ గెయిన్ 20 శాతం. అది ప్రెస్ ముద్రణ కోసం పెట్టింది, మన ఇంక్‌జెట్‌కి కాదు. పైగా గ్రేస్కేల్‌లో కర్వ్స్ ప్యానెల్ ఇంకు శాతాలు చూపిస్తూ తిరగబడుతుంది, అయోమయంగా ఉంటుంది. ఆర్‌జీబీలోనే ఉండండి.

4. షీటును ప్రింట్ చేయండి. ఇక్కడ దారులు రెండు. ఏదో ఒకటి ఎంచుకోండి, ఎంచుకున్నాక మారకండి.

మొదటి దారి, ప్రింటర్ డ్రైవర్‌లోని బ్లాక్ అండ్ వైట్ మోడ్. ఎప్సన్ ఫొటో ప్రింటర్లలో దీన్ని అడ్వాన్స్‌డ్ బీ అండ్ డబ్ల్యూ ఫొటో అంటారు. క్యానన్ ప్రో సిరీస్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో అనే టిక్ ఉంటుంది. ఇది గ్రే ఇంకులనే ఎక్కువగా వాడుతుంది కాబట్టి నీడల్లో రంగు మరకలు రావు. ఫొటోషాప్ ప్రింట్ విండోలో “ప్రింటర్ మేనేజెస్ కలర్స్” పెట్టండి. ఎప్సన్‌లో టోన్ దగ్గర చూడండి. చాలా మోడళ్లలో అది “డార్కర్” మీద ఉంటుంది. నీడల వివరం కావాలంటే “డార్క్” గానీ “నార్మల్” గానీ పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సమస్య సగం తీరినవాళ్లు ఉన్నారు. అక్కడే షాడో టోనాలిటీ అని ఒక స్లైడర్ కనిపిస్తుంది. ప్రస్తుతానికి దాన్ని ముట్టుకోకండి. ఫైల్‌లో ఒక మార్పు, డ్రైవర్‌లో ఇంకో మార్పు చేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేం.

రెండో దారి, ఐసీసీ ప్రొఫైల్. మీ ప్రింటర్, కాగితం కలిసి రంగుల్ని ఎలా చూపిస్తాయో చెప్పే చిన్న ఫైల్ ఇది. కాగితం కంపెనీ సైట్ నుంచి మీ ప్రింటర్ మోడల్‌కి సరిపోయే ప్రొఫైల్ దించుకోండి. “ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్” పెట్టి ఆ ప్రొఫైల్ ఎంచుకోండి. రెండరింగ్ ఇంటెంట్ దగ్గర రెలెటివ్ కలరిమెట్రిక్ ఎంచుకుని, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌కి (ఫైల్‌లోని నలుపును కాగితం నలుపుకి సరిపెట్టేది) టిక్ పెట్టండి. ఈ టిక్ లేకపోతే మ్యాట్ కాగితం మీద, లెక్క ప్రకారం, 45 కంటే కిందున్న అంకెలన్నీ దాదాపు ఒకే నలుపు అయిపోతాయి. తర్వాత డ్రైవర్‌లోకి వెళ్లి కలర్ మేనేజ్‌మెంట్ పూర్తిగా ఆఫ్ చేయండి. రెండు చోట్లా ఆన్‌లో ఉంటే ఒకే ఫైల్‌కి రెండుసార్లు సవరణ జరిగి ప్రింట్ పాడవుతుంది.

ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్ వాళ్లు ఇదే షీటును రెండుసార్లు తీయండి. ఒకటి డ్రైవర్‌లో గ్రేస్కేల్ టిక్ పెట్టి, ఇంకోటి టిక్ లేకుండా ప్రొఫైల్‌తో. కింద పట్టీ ఏ షీటులో మెట్లు మెట్లుగా, రంగు తేలకుండా ఉందో ఆ దారి మీది. కంపెనీ ఇంకు కాకుండా వేరే ఇంకు పోస్తుంటే కంపెనీ ప్రొఫైల్ దానికి వర్తించదు. మీ ఇంకు, మీ కాగితానికి విడిగా ప్రొఫైల్ చేయించుకోవడమే మార్గం.

దారి ఏదైనా సరే, మీడియా టైప్ సరిగ్గా పెట్టాలి. ఎంత ఇంకు పోయాలో, ఏ నలుపు వాడాలో ప్రింటర్‌కి చెప్పేది అదే. మ్యాట్ కాగితం పెట్టి గ్లాసీ అని చెబితే ఫొటో బ్లాక్ ఇంకు పడి నలుపు వెలిసిపోయినట్టు బూడిదగా వస్తుంది. గ్లాసీ కాగితం మీద మ్యాట్ బ్లాక్ పడితే చేతికి అంటుకుంటుంది. నేను ఒకసారి హానెమ్యూలె ఫొటో రాగ్ అనే మ్యాట్ కాగితం మీద మీడియా టైప్ చూసుకోకుండా మూడు పెద్ద షీట్లు వరసగా తీశాను. మదనిక మెడలో హారం మూడింటిలోనూ కలిసిపోయింది. మూడో షీటు కూడా పోయాక గానీ డ్రైవర్ తెరిచి చూడలేదు. కాగితంతో వచ్చే సూచనల్లో ఏ మీడియా టైప్ పెట్టాలో స్పష్టంగా రాసి ఉంటుంది. అది చదవడానికి అరనిమిషం చాలు.

5. ఆరనివ్వండి, ఆ తర్వాతే చదవండి. ప్రింటర్ నోట్లోంచి వచ్చిన తడి షీటును చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. గ్లాసీ, బరైటా కాగితాలకు కనీసం అరగంట. మ్యాట్ కాగితాన్ని రాత్రంతా వదిలేస్తే మంచిది. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ వల్ల ఇంకా ఆలస్యమవుతుంది. తొందరగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, దూరంగా పట్టుకుని రెండు నిమిషాలు తిప్పండి. ఇది టెస్ట్ ముక్కలకే, అసలు ప్రింట్‌కి వద్దు.

చూసే వెలుగు దాదాపు 500 లక్స్ (కాగితం మీద పడే వెలుగు కొలత) ఉండాలి. మీటర్ లేకపోయినా కెమెరా ఉందిగా. గ్రే కార్డును (వెలుగు కొలవడానికి వాడే బూడిదరంగు అట్ట) ప్రింట్ పెట్టే చోటే ఉంచి, ఐఎస్ఓ 100, ఎఫ్/4, సెకనులో 13వ వంతు పెట్టండి. కెమెరా మీటర్ మధ్యలో నిలబడితే దాదాపు 500 లక్స్ ఉన్నట్టే. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పగలు ఈ వెలుగు సులువుగానే దొరుకుతుంది.

ఇప్పుడు గడులు చూడండి. చుట్టూ ఉన్న నలుపు నుంచి విడివడి, అంచులు తెలిసేలా కనిపించే మొదటి గడి ఏది? “ఉందేమో” అనిపించేది కాదు, “ఉంది” అని చెప్పగలిగేది. అదే మీ గుమ్మం అంకె. ఇంట్లో ఇంకొకరిని పిలిచి అంకెలు చెప్పకుండా అడగండి, ఒక్క మెట్టు తేడాలో వాళ్లూ అదే చెబుతారు. నా అనుభవంలో బరైటా మీద 4 నుంచి 10 మధ్య, మ్యాట్ మీద 12 నుంచి 20 మధ్య వస్తే మామూలే. 25 దాటిందంటే మీడియా టైప్, కలర్ మేనేజ్‌మెంట్, నాజిళ్లు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఫొటో జోలికి అప్పుడే వెళ్లొద్దు.

అంకెను షీటు వెనకే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. కాగితం పేరు, మీడియా టైప్, ఏ దారి, తేదీ కూడా.

6. ఇప్పుడు ఫొటో. వీలైతే రంగు రా ఫైల్ (కెమెరా ఇచ్చే ముడి ఫైల్) నుంచి మొదలుపెట్టండి. బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు రంగు స్లైడర్లను ముందు వాడుకోండి. నీడల్లో కలిసిపోయే రెండు వస్తువుల రంగులు వేరైతే ఇక్కడే విడదీయొచ్చు. మదనిక ఫొటోలో ఎరుపు, నారింజ స్లైడర్లు పెంచగానే వెనకున్న ఇసుకరాయి తేలిపోయి, నల్లరాతి శిల్పం అంచు కత్తితో గీసినట్టు బయటపడింది. నల్లరాతి మీద దాదాపు ఏ మార్పూ లేదు, ఎందుకంటే అందులో రంగే లేదు. ముదురు మెరూన్ పట్టుచీర మీద జడ ఉన్న ఫొటోకి కూడా ఇదే మందు. ఎరుపు పెంచితే చీర లేస్తుంది, జడ అలాగే ఉంటుంది. కర్వ్‌తో ఎంత కుస్తీ పట్టినా ఇంత శుభ్రంగా రాదు. స్లైడర్ మరీ చివరి దాకా లాగితే మాత్రం అంచుల్లో తెల్లటి గీత, నాయిస్ వస్తాయి. జూమ్ చేసి చూసుకోండి.

7. కొలవండి. ఐడ్రాపర్ (టోన్ అంకె చూపే టూల్) సాంపుల్‌ని 5 బై 5 యావరేజ్‌లో పెట్టి, నీడల్లో మీకు తప్పనిసరిగా కనిపించాల్సిన చోట్ల అంకెలు చూడండి. మదనిక పక్కటెముకల కింద మడత 8, నడుము దగ్గర రాయి 20, మోకాలి మీద మెరుపు 35 ఉన్నాయి. నేను వాడే మ్యాట్ కాగితం గుమ్మం 14. అంటే ఆ మడత కాగితం మీద లేనట్టే.

8. కర్వ్ వేయండి. కొత్త కర్వ్స్ లేయర్ తెరిచి, 0ని 0 దగ్గరే వదలండి. దాన్ని పైకి లేపితే నలుపంతా పొగ పట్టినట్టు అవుతుంది. 8ని 16కి, 35ని 48కి, 90ని 96కి తీసుకెళ్లండి. 150ని 150 దగ్గర మేకు కొట్టినట్టు కట్టేయండి. ఈ అంకెలు నా ఫొటోవి. మీ గుమ్మాన్ని బట్టి మార్చుకోండి. ముఖ్యమైన వివరంలో అతి ముదురు చోటు గుమ్మం కంటే కనీసం రెండు అంకెలైనా పైన ఉండాలి. అక్కడి నుంచి మెరుపుదాకా కర్వ్ కాస్త నిటారుగా ఉండాలి. 8కీ 35కీ మధ్య 27 మెట్లుంటే, మార్చాక 16కీ 48కీ మధ్య 32 అయ్యాయి, చూడండి. తేడా పెరిగింది కాబట్టే వివరం కనిపిస్తుంది. కేవలం తెల్లబడితే కనిపించదు.

ఈ సాగదీసిన మెట్లు ఊరికే రావు. 48కీ 150కీ మధ్య టోన్లు కాస్త చప్పబడతాయి. అందుకే లేయర్‌కి మాస్క్ పెట్టి, కావలసిన నీడలకే పరిమితం చేయండి. ఫొటోషాప్‌లో సెలెక్ట్ మెనూ, కలర్ రేంజ్, షాడోస్ ఎంచుకుంటే మాస్క్ సులువుగా వస్తుంది. అంచులు బాగా మెత్తగా ఉంచండి.

9. నీడలోని మెరుపుల్ని చేత్తో ఎత్తండి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నల్లటి వస్తువులో వివరం నలుపులో ఉండదు. నలుపు మీద ఆడే చిన్న చిన్న మెరుపుల్లో ఉంటుంది. జడను దగ్గరగా చూడండి. వెంట్రుకలు నల్లగానే ఉంటాయి. ప్రతి పాయ మలుపు తిరిగే చోట నూనె రాసినట్టు ఒక సన్నటి వెలుగు గీత ఉంటుంది. ఆ గీతలు కనిపిస్తే మన కన్ను పాయలన్నిటినీ తనే అల్లుకుంటుంది. గేదె ముడతలైనా, నునుపు రాయైనా ఇంతే.

అందుకని మొత్తం నీడను ఎత్తకుండా ఆ మెరుపుల్నే ఎత్తాలి. కొత్త లేయర్‌ని 50 శాతం గ్రేతో నింపి సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టండి. మెత్తటి బ్రష్, తెల్ల రంగు, ఫ్లో 3 నుంచి 5 శాతం. ఒక్కో మెరుపు మీద రెండు మూడు సార్లు మెల్లగా రాయండి. మదనికకు నేను ముక్కు దూలం, హారం పూసల పైఅంచు, మోకాలు, వేళ్ల కణుపులు మాత్రమే ఎత్తాను. వాటి పక్కన చీకటి అలాగే ఉంది. ప్రింట్‌లో పూసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. తొందరపడి ఫ్లో 20 పెట్టి ఒకేసారి రాస్తే ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది.

నీడలు ఎత్తినప్పుడు నాయిస్ బయటపడుతుంది. స్క్రీన్ మీద నూరు శాతం జూమ్‌లో భయపెట్టినంతగా అది ప్రింట్‌లో కనిపించదు. దాన్ని పూర్తిగా తుడిచేస్తే నీడలు మైనంలా అయిపోతాయి. అలా అయిన చోట ఒకటి రెండు శాతం గ్రెయిన్ కలపండి. పాత బ్రోమైడ్ ప్రింట్లలో నీడలు ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించేది ఆ సన్నటి గ్రెయిన్ వల్లే.

10. సాఫ్ట్ ప్రూఫ్ చూడండి. వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్, అందులో కస్టమ్. మీ కాగితం ప్రొఫైల్ ఎంచుకుని “సిమ్యులేట్ పేపర్ కలర్” టిక్ పెట్టండి. ఫొటో ఒక్కసారిగా వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. టిక్ పెట్టేటప్పుడు ఒక్క క్షణం కళ్లు పక్కకు తిప్పి, తర్వాత చూడండి. ప్రొఫైల్ దారిలో ప్రింట్ చేసేవాళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది. డ్రైవర్ మోడ్ వాడేవాళ్లకు ఉజ్జాయింపు మాత్రమే, వాళ్లు గుమ్మం అంకెనే నమ్ముకోవాలి.

11. ముక్క ప్రింట్ తీయండి. మొత్తం ఫొటో వద్దు. చివరి సైజులోనే ఉంచి, అతి ముఖ్యమైన నీడ ఉన్న 10 బై 15 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. చిన్న సైజుకి కుదించి తీసిన టెస్ట్ నీడల విషయంలో తప్పుదోవ పట్టిస్తుంది. ఒకే ఏ4 మీద అదే ముక్క మూడుసార్లు పెట్టండి. కర్వ్ లేయర్ లేకుండా ఒకటి, 50 శాతం ఒపాసిటీతో, అంటే లేయర్ ప్రభావం సగమే ఉండేలా ఒకటి, 100 శాతంతో ఒకటి. ఆరాక పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు జవాబు 50కీ 100కీ మధ్య ఉంటుంది, కానీ ముఖ్యమైన చోటు గుమ్మం దాటే ఉండాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

12. పెద్ద ప్రింట్ తీయండి. డ్రైవర్‌లో హై స్పీడ్ టిక్ తీసేయండి. సమయం ఎక్కువ పడుతుంది, నీడలు నున్నగా వస్తాయి.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ప్రింట్‌ని చేయి చాపినంత దూరంలో పట్టుకోండి. ముందు మీ కన్ను ఎక్కడికి వెళ్లింది? నీడలోకే వెళ్లిందంటే ఎక్కువ ఎత్తేశారు. మదనిక ప్రింట్‌లో కన్ను ముందు ముఖానికి వెళ్లాలి, అక్కడి నుంచి మెల్లగా నీడలోని నడుము దగ్గరికి జారాలి.

తర్వాత నిజమైన నలుపు ఎక్కడైనా ఉందా అని వెతకండి. చూరు లోపలి మూల, కంటి పాప, ఏదో ఒక చిన్న చోటు పూర్తిగా నల్లగా ఉండాలి. అది లేకపోతే మిగతా నీడలన్నీ నలుపుల్లా అనిపించవు, బూడిదల్లా అనిపిస్తాయి. అప్పుడు కర్వ్ ఒపాసిటీ తగ్గించండి, లేదా బర్న్ టూల్‌తో ఆ మూలను కాస్త నల్లబరచండి.

ప్రింట్‌ని తలకిందులు చేసి చూడటం కూడా పనికొస్తుంది. బొమ్మ ఏమిటో మరిచిపోయి నలుపు, బూడిద ముద్దలుగా చూస్తాం కాబట్టి, కలిసిపోయిన చోట్లు వెంటనే దొరుకుతాయి.

కంటి మీద నమ్మకం చాలకపోతే ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. ఆటో కరెక్షన్లన్నీ ఆపేసి, టెస్ట్ షీటును, ప్రింట్ ముక్కను పక్కపక్కన పెట్టి ఒకే స్కాన్‌లో తీయండి. అంకెలు మానిటర్ అంకెలతో సరిపోవు, వాటిని పట్టించుకోకండి. ప్రింట్‌లోని మడత అంకె, టెస్ట్ షీటులో గుమ్మం గడి అంకె కంటే పైన ఉందా లేదా అన్నదే చూడాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

షాడోస్ స్లైడర్‌ని 100కి లాగడం. స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తాయి, ప్రింట్‌లో ఫొటో అంతా పొగమంచు. పైగా వెలుగు, చీకటి కలిసే అంచుల చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. 20, 25 దాటకండి. మిగతాది కర్వ్‌కి, బ్రష్‌కి వదలండి.

మెరిసే మానిటర్ పక్కనే ప్రింట్ పట్టుకుని పోల్చడం. స్క్రీన్ వెలుగుకి కంటిపాప ముడుచుకుపోయి ప్రింట్ నీడలు ఇంకా నల్లగా అనిపిస్తాయి. స్క్రీన్ ఆపేయండి, లేదా ప్రింట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి.

కాగితం మార్చి, పాత కర్వ్‌తోనే ప్రింట్ ఇవ్వడం. బరైటాకి చేసిన ఫైల్ మ్యాట్‌కి పనికిరాదు. కర్వ్ లేయర్‌కి కాగితం పేరు పెట్టి, ఒక్కో కాగితానికి ఒక్కో లేయర్ ఉంచుకోండి.

మ్యాట్ కాగితం తక్కువరకం అనుకోవడం కూడా పొరపాటే. దాని నలుపు బరైటా అంత లోతుగా ఉండదు, నిజమే. కానీ దాని మీద మెరుపు పడదు. దీపాల కింద ఏ పక్క నుంచి చూసినా నీడలు తెరుచుకునే ఉంటాయి. బరైటా మీద వివరం ఎంత ఉన్నా, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడిందంటే ఆ నీడ మొత్తం పోయినట్టే. రాయి, మట్టి, ముసలివాళ్ల ముఖాలు ఉన్న ఫొటోలకు నేను మ్యాట్‌నే ఎంచుకుంటాను. తడిసిన గేదె ఒంటి నిగనిగకు బరైటా.

ఇంత చేసినా మెట్లు సమంగా రావడం లేదంటే, ఎప్సన్ ప్రింటర్ వాళ్లు రాయ్ హారింగ్టన్ తయారు చేసిన క్వాడ్‌టోన్ రిప్ ప్రయత్నించవచ్చు. డ్రైవర్‌ని పక్కన పెట్టి ఒక్కో ఇంకును విడిగా నడిపించే సాఫ్ట్‌వేర్ అది. మీ మోడల్ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

ఫ్రేము కట్టించే ముందు

ప్రింట్ ఎక్కడ వేలాడుతుందో అడగండి. 500 లక్స్‌లో చక్కగా ఉన్న ప్రింట్, ఇంటి హాల్లో ఒక్క ట్యూబ్‌లైట్ వెలుగులో మళ్లీ ముద్దకడుతుంది. మన హాళ్లలో గోడ మీద అంత వెలుగు సాధారణంగా ఉండదు. పైన మామూలు అద్దం ఉంటే ఎదురు కిటికీ అందులోనే కనిపిస్తుంది. అలాంటి చోటికి వెళ్లే ప్రింట్‌కి కర్వ్ ఒపాసిటీ ఇంకో 15, 20 శాతం పెంచి ఒక ముక్క తీయండి. సాయంత్రం దీపాలు వేశాక, ఆ ముక్కను అదే గోడకి టేపుతో అంటించి చూడండి. పైన ఒక అద్దం ముక్క కూడా ఆనించండి. ఆ వెలుగులో పాయలు, ముడతలు, పూసలు కనిపిస్తే పెద్ద ప్రింట్‌కి వెళ్లండి. కనిపించకపోతే ఇంకో 10 శాతం పెంచి మరో ముక్క తీయండి. ప్రింట్ వెనక పెన్సిల్‌తో ఒపాసిటీ అంకె, కాగితం పేరు రాసి, పూర్తిగా ఆరాకే అద్దంలో పెట్టించండి. తడి ఆరకముందే బిగిస్తే అద్దం లోపలి వైపు మసక పడుతుంది.